తేమ ఎంతో తెలియకుండా లేయర్ పాసా?

రోడ్డు కట్టైనా, చెరువు గట్టైనా, పునాది కింద నింపిన మట్టైనా కంపాక్షన్ టెస్ట్ (తొక్కిన మట్టి ఎంత గట్టిగా సర్దుకుందో చూసే పరీక్ష) అనగానే అందరూ అడిగేది ఒకటే, ల్యాబ్‌లో వచ్చిన గరిష్ఠ డ్రై డెన్సిటీలో 95 శాతం దాటిందా లేదా అని. తేమ ఎంతుంది, దాన్ని దేంతో కొలిచారు అని అడిగేవాళ్లు చాలా తక్కువ. మా బాధంతా అక్కడే.

గుంత తవ్వి ఇసుక పోసినా, కోర్ కట్టర్ (మట్టిలోకి దింపే ఉక్కు గొట్టం) దించినా చేతికి నేరుగా వచ్చేది తడి డెన్సిటీ, అంటే నీళ్లతో కలిపిన సాంద్రత మాత్రమే, దాంట్లోంచి తేమ లెక్క తీసేస్తేనే డ్రై డెన్సిటీ, అంటే పొడి మట్టి ఒక్కదాని సాంద్రత వస్తుంది, కాబట్టి తేమ తప్పయితే మిగతా పనంతా ఎంత ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసినా వేస్టే. ఘన సెంటీమీటర్‌కి గ్రాముల్లో తడి డెన్సిటీ 2.00, ల్యాబ్‌లో వచ్చిన గరిష్ఠ డ్రై డెన్సిటీ 1.82 అనుకుందాం. మట్టిలో నిజంగా 16 శాతం తేమ ఉంటే డ్రై డెన్సిటీ 1.724, అంటే 94.7 శాతం, లేయర్ ఫెయిల్. అదే తేమని 12 అని రాసుకుంటే 1.786 అయిపోయి 98 శాతంతో పాస్. మట్టి అదే, రోలర్ తిరిగింది అన్నిసార్లే.

ఇలా తప్పడానికి ఎవరూ మోసం చెయ్యక్కర్లేదు. శాంపిల్‌ని మూత లేకుండా ఎండలో వదిలేసినా, గుంత లోతంతా కాకుండా పైన ఆరిన మట్టే గీకి తీసుకున్నా అంకె తగ్గిపోతుంది. కాల్షియం కార్బైడ్ మీటర్ అయితే తేమతో కార్బైడ్ కలిసి పుట్టే ఎసిటిలీన్ గ్యాస్ ప్రెషర్‌ని చూపిస్తుంది, బంకమట్టి గడ్డలు సరిగా చితక్కపోతే లోపలి తేమ దానికి అందనే అందదు, పైగా చాలా మీటర్ల రీడింగ్ తడి బరువు మీద లెక్క. అక్కడ 20 కనిపిస్తే పొడి బరువు మీద అది 25 శాతం, ఈ మార్పు చెయ్యడం మర్చిపోతే ఇంక చెప్పేదేముంది.

న్యూక్లియర్ గేజ్ (రేడియేషన్‌తో కొలిచే పరికరం) నిమిషాల్లో చెప్పేస్తుంది కానీ అది చూసేది నీళ్లని కాదు, హైడ్రోజన్‌ని. జిప్సమ్, మైకా, కుళ్లిన ఆకూ అలమూ ఉన్న మట్టిలో లేని తేమ కూడా చూపిస్తుంది, అప్పుడు డ్రై డెన్సిటీ తగ్గినట్టు కనిపించి బాగున్న లేయర్‌ని కూడా తవ్విపోయిస్తారు.

110 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి తూచడమే అసలు కొలత, కానీ దానికి రాత్రంతా పడుతుంది, అవతల లారీలు లైన్లో ఉంటాయి, ఆ ఒత్తిడి మాకు తెలుసు. అందుకే ఫాస్ట్ పద్ధతులు వద్దని అనట్లేదు, ఏ మట్టికి ఆ మట్టి ఓవెన్‌తో పోల్చి కరెక్షన్ కట్టుకోండి అంటున్నాం. జిప్సమ్ ఉంటే మాత్రం ఓవెన్ కూడా 60 డిగ్రీలు దాటకూడదు, లేదంటే దాని లోపలి నీరు కూడా పోయి లెక్క తప్పుతుంది.

ఇంకోటి, తేమ అనేది ఫార్ములాలో పెట్టుకోవడానికే కాదు. మట్టి బాగా సర్దుకోవాలంటే దానికి తగినంత తేమ ఉండాలని రాల్ఫ్ ప్రోక్టర్ 1933లోనే చూపించాడు. మరీ పొడిగా ఉన్న బంకమట్టిని బరువైన రోలర్‌తో తొక్కి డెన్సిటీ తెచ్చినా తర్వాత నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, మరీ తడిగా ఉంటే రోలర్ కింద మెత్తగా ఊగుతూనే ఉంటుంది. డెన్సిటీ పాసైనా తేమ హద్దులో లేకపోతే ఆ లేయర్‌ని ఒప్పుకోకూడదనే మా మాట.

ప్రతి రిపోర్టులో తేమ పక్కనే ఏ పద్ధతితో కొలిచారో, ఓవెన్ చెక్ ఎప్పుడు చేశారో రాయాలి. వచ్చిన పాయింట్‌ని ప్రోక్టర్ గ్రాఫ్ (తేమని బట్టి డ్రై డెన్సిటీ ఎలా మారుతుందో చూపించేది) మీద పెట్టి చూడాలి, అది జీరో ఎయిర్ వాయిడ్స్ గీత, అంటే మట్టిలో గాలి అసలే లేనప్పటి డెన్సిటీ గీత దాటి అవతల పడిందంటే అలాంటి మట్టి ఉండే అవకాశమే లేదు, ఎక్కడో కొలత తప్పింది, సంతకం పెట్టకుండా గుంత దగ్గరికి మళ్లీ వెళ్లాల్సిందే.