ఆరోగ్యశ్రీ కార్డా, సర్కారు దవాఖానా?

తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని ఏడాదికి కుటుంబానికి 10 లక్షల రూపాయలకు పెంచింది. ఆ సొమ్మును ఎక్కడ ఖర్చుపెట్టాలన్న దానిపై హైదరాబాద్‌లో ఇద్దరి వాదన ఇది. అక్క ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి విరమించారు. తమ్ముడు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర, అంటే ఆరోగ్యశ్రీ రోగులకు దారి చూపి సాయపడే ఉద్యోగి.

తమ్ముడు: అక్కా, 2007లో ఈ పథకం రాకముందు గుండె ఆపరేషన్ కావలసిన కూలీ కుటుంబం ఉన్నది అమ్ముకునేది, లేదా ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు పట్టుకుని తిరిగేది. సర్కారు తన థియేటర్లన్నీ కట్టుకునేదాకా ఆ మనిషిని ఆగమందామా?

అక్క: ఆగమనను. కానీ ఆ కార్డు చాలావరకు మంచం పట్టిన తర్వాతే అక్కరకొస్తుంది. షుగరు, బీపీ ఉన్నవాళ్ళకు నెలనెలా మాత్రలిచ్చేది 2018లో మొదలైన బస్తీ దవాఖానా. ఆ మాత్రలు క్రమం తప్పకుండా అందితే డయాలసిస్ దాకా వెళ్ళేవాళ్ళు కొందరైనా తగ్గుతారు.

తమ్ముడు: బస్తీ దవాఖానాలో ఉండేది ఒక డాక్టరు, ఒక నర్సు. ఆ పైన ఎక్కడికి పోవాలి? 2020 జూలైలో ఉస్మానియా ఆసుపత్రి పాత భవనంలోకి వాననీరు చేరితే రోగులను తరలించి తాళం వేశారు. గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది 2025 జనవరిలో!

అక్క: ఆ ఆలస్యాన్ని నేను సమర్థించను. అయితే మైదాన ప్రాంతాల్లో 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 1,20,000 మందికి 30 పడకల సామాజిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్న ప్రమాణం ఉండగా, అక్కడ డాక్టరో పరీక్షో దొరకక జనం నేరుగా గాంధీ ఆసుపత్రికి వస్తుంటే, లోపం కింది మెట్టులో ఉన్నట్టే కదా? ఇంకో మాట, 2020లో కరోనా కోసం మొత్తంగా కేటాయించింది ఆ గాంధీనే. బకాయిలు పేరుకుంటే ప్రైవేటు ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేస్తామని ప్రకటిస్తాయి. గాంధీ అలా అనలేదు. పెద్ద వైద్యం సర్కారుకు చేతకాదనీ అనకు, ఉస్మానియాలో కాలేయ మార్పిడులే చేశారు.

తమ్ముడు: వాటికి డబ్బు కట్టింది కూడా ఆరోగ్యశ్రీయే.

అక్క: అదే నా కోరిక. హెర్నియా, గర్భసంచి ఆపరేషన్ల వంటివి సర్కారు దవాఖానాలకే కేటాయించి, వాటికి ఆరోగ్యశ్రీ కట్టే ప్యాకేజీ సొమ్ము ఆ దవాఖానాలకే చేరనివ్వాలి.

తమ్ముడు: కేటాయించిన రోజున జిల్లా ఆసుపత్రిలో మత్తు డాక్టరు లేకపోతే, రోగి తిరిగి మా దగ్గరికే వస్తాడు, అదీ వ్యాధి ముదిరాక.

అక్క: అందుకే ముందు ఆ మత్తు డాక్టరును నియమించమంటున్నాను. నియామకం జరిగేదాకా మీ ఆసుపత్రికి పంపమను, అడ్డురాను.