సవరణ: పునాదిలో మట్టి నింపడం

‘పునాది గోడల మధ్య 20 సెంటీమీటర్ల పొరలుగా మట్టి నింపి, నీళ్లు పెట్టి దిమ్మిస కొట్టాలి’ అని గత టపాలో ఉంది. ఆ 20 సెంటీమీటర్లు వదులుగా పరిచినప్పటి మందం, కొట్టాక మిగిలేది కాదు.

నీళ్లు నిలబెట్టడం ఇసుకకే సరి. మొరానికైతే, అంటే రాళ్లు కలిసిన గరుకు మట్టికైతే, తడి చాలు: పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, నీరు కారకూడదు. తడి అంతకు మించితే మట్టి రేణువుల మధ్య నీరే చోటు ఆక్రమిస్తుంది, ఎంత కొట్టినా బిగియదు. ప్రతి మట్టికీ తగిన తడి ఒకటుందని అమెరికా ఇంజనీరు ప్రాక్టర్ 1933లోనే చూపించారు. మన మేస్త్రీలు మాత్రం ఇప్పటికీ గొట్టం వదిలేసి టీకి వెళ్తారు.

తవ్విన నల్లరేగడిని, ఊరికే వస్తోంది కదా అని, తిరిగి లోపల పోయించకండి. తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయి గచ్చును పగలగొడుతుంది.