తీరిపోయిన ఆరు నెలల గడువు గారికి

మహారాజశ్రీ గడువు గారికి,

యానాం నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అందామంటే తమరు 1963 ఫిబ్రవరిలోనే తీరిపోయారు. ఏ దేశపు పౌరులో తేల్చుకోమని తమరు పెట్టిన తిరకాసు మాత్రం తీరలేదు, అందుకే ఈ ఉత్తరం.

1954 జూన్ 13న మా ఊళ్లో ఫ్రెంచి జెండా దింపేశారు. నవంబరు 1న పుదుచ్చేరి, కారైకాల్, మాహేలతో పాటు మా పరిపాలన కూడా ఇండియా చేతికొచ్చింది. జనం మాత్రం కాగితం మీద ఫ్రెంచివాళ్లే! ఈ ఊళ్లను ఇండియాకు అప్పగించే ఒప్పందం మీద 1956 మే 28న సంతకాలు పడ్డాయి. పారిస్ పార్లమెంటు దానికి సరేనని, అది అమల్లోకి వచ్చేసరికి 1962 ఆగస్టు 16. కాపురం ముందు, తాళి ఎనిమిదేళ్లకు అన్నమాట. (తాళంటే గుర్తొచ్చింది. బాల్యవివాహాలను నిషేధించిన శారదా చట్టం వచ్చాక పసిపిల్లలకు పెళ్లిళ్లు చేసేవాళ్లు బ్రిటిషు పోలీసులకు దొరక్కుండా బాజాలతో సహా మా ఊరికే వచ్చేవారు. గీత అటు దాటితే నేరం, ఇటు దాటితే ముహూర్తం.)

సరే, ఆ ఆగస్టు 16న తమరు వేంచేశారు. ఇక్కడ పుట్టి ఇక్కడే కాపురముంటున్నవాడు నోరు విప్పకపోతే భారతీయుడు. ఫ్రెంచి పౌరుడిగానే ఉంటానంటే ఆరు నెలల్లో రాసివ్వాలి. అదే, ఇక్కడ పుట్టి వియత్నాంలోని సైగాన్‌లో కొలువు చేస్తున్నవాడు నోరు విప్పకపోతే ఫ్రెంచివాడు. భారతీయుణ్ణవుతానంటే రాసివ్వాల్సింది అతను. ఒక్క తల్లి బిడ్డలు ఇద్దరూ ఆరు నెలలూ చేతులు కట్టుకుని కూర్చుంటే ఒకడు నెహ్రూ గారి లెక్కలోకి, ఒకడు ఫ్రాన్సు అధ్యక్షుడు డిగాల్ గారి లెక్కలోకి! మౌనం అర్ధాంగీకారం అని విన్నాం. తమరి దగ్గర అది పూర్ణాంగీకారం. దేనికి అంగీకారమన్నది మాత్రం వాడి మంచం ఏ దేశంలో ఉందన్నదాన్ని బట్టి.

రాసిచ్చినవాళ్లూ ఉన్నారు లెండి, కొన్ని వేల మంది. ఫ్రెంచి సైన్యంలో చేసిన వాళ్లకు పింఛను భయం, కొందరికి పాత అభిమానం. వాళ్ల వారసులు ఇప్పటికీ పుదుచ్చేరిలో ఉండి ఫ్రాన్సు అధ్యక్షుడికి ఓటేస్తారు. పక్కింటి కుర్రాడు అదే ఫ్రాన్సుకి చదువుకు వెళ్లాలంటే ఫైలు చంకన పెట్టుకుని వీసా కోసం టెన్షన్ పడతాడు. ఇద్దరి తాతలూ ఒకే అరుగు మీద చుట్ట కాల్చినవాళ్లే.

మా తాతగారు అప్పుడేం చేశారని అడిగాను. కోతలయ్యాక చూద్దామనుకున్నారట. ఆపైన సంక్రాంతి వెళ్లాక చూద్దామనుకున్నారట. పండగ అలసట తీరేలోగా తమరు తీరిపోయారు. ఆయనకు దిగులేమీ లేదు, మనవడికే కాస్త కుతూహలం.

నాదొక్కటే మనవి. ఇంకెక్కడైనా ఊరు చేతులు మారి తమరు మళ్లీ పుడితే, పండగలు చూసుకుని పుట్టండి. దీనికి జవాబు రాయకపోయినా ఫరవాలేదు. ఆరు నెలలు చూసి, ఒప్పుకున్నట్టే రాసుకుంటాను.

ఇట్లు,
రాసివ్వని వాడి మనవడు