సీమోర్ చచ్చిపోవాలా, బతకాలా?

1960లో రోజర్ కార్మన్ తీసిన ‘ద లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్’ ఇప్పటికీ ఆన్‌లైన్లో ఫ్రీగా చూడొచ్చు, కాపీరైట్ సంగతి అప్పట్లో పట్టించుకోలేదు మరి. పూలకొట్లో పనిచేసే సీమోర్ అనే అమాయకుడు ఓ వింత మొక్కని పెంచుతాడు, దానికేమో మనుషుల రక్తం కావాలి, కథంతా ఇంతే. ఖర్చు దాదాపు 30 వేల డాలర్లు, సెట్లో షూటింగ్ రెండ్రోజుల్లో అయిపోయింది. మొక్క బొమ్మ అని చూడగానే తెలిసిపోతుంది, అయినా అది "తిండి పెట్టు" అని అరిచిన ప్రతిసారీ నాకు నవ్వాగదు.

మధ్యలో 1982లో ఇదే కథ స్టేజి మీద మ్యూజికల్ అయ్యింది, హోవార్డ్ ఆష్‌మన్ రాస్తే ఆలన్ మెంకెన్ ట్యూన్లు కట్టాడు. దాన్నే 1986లో ఫ్రాంక్ ఓజ్ సినిమాగా తీశాడు, బడ్జెట్ ఏకంగా 2.5 కోట్ల డాలర్లు. ఇందులో మొక్క మాత్రం అద్భుతం, గ్రాఫిక్స్ ఏమీ లేవు, మొత్తం మనుషులు లోపలా కిందా ఉండి ఆడించిన బొమ్మే. పెదాలు పాటకి సరిగ్గా కలవాలని కెమెరాని తక్కువ స్పీడులో నడిపారు, మామూలు స్పీడులో వేస్తే అంతా వేగంగా కదులుతుంది, అందుకని పక్కన నటించే సీమోర్ పాత్రధారి రిక్ మొరానిస్ కూడా నెమ్మదిగా కదలాల్సొచ్చింది, తెర మీద చూస్తే ఆ తేడా ఎక్కడా కనపడదు.

కానీ డెంటిస్ట్ సీను దగ్గర నా ఓటు పాతదానికే. అందులో డెంటిస్ట్ చచ్చిపోయాక ఓ పేషెంట్ వస్తాడు, నొప్పంటే తెగ ఇష్టం వాడికి, చేసింది కుర్ర జాక్ నికల్సన్, దిక్కుతోచక సీమోరే డాక్టర్‌లా నటిస్తూ డ్రిల్లు పట్టుకోవాల్సొస్తుంది. రీమేక్‌లో ఆ పేషెంట్ బిల్ మర్రే, డెంటిస్ట్ స్టీవ్ మార్టిన్, ఇద్దరూ పోటీపడి చేశారు గానీ అక్కడ సీమోర్ భయం లేదు, కామెడీ మొత్తం పుట్టేదే ఆ భయంలోంచి కదా.

అసలు తేడా క్లైమాక్స్‌లో ఉంది. పాతదాంట్లో సీమోర్ కత్తి పట్టుకుని మొక్క నోట్లోకి దూకేస్తాడు, ఆ తర్వాత ఓ మొగ్గ విచ్చుకుంటే అందులో అతని మొహమే, కావాలని చెయ్యలేదంటూ వాడిపోతుంది. ఓజ్ కూడా ముందు సీమోర్‌నీ అతను ప్రేమించిన ఆడ్రీనీ మొక్క తినేసినట్టే తీశాడు, పెద్ద పెద్ద మొక్కలు న్యూయార్క్ మీద పడ్డం కూడా ఉంది, అయితే ప్రివ్యూలో జనం ఒప్పుకోకపోయేసరికి లక్షల డాలర్లు పెట్టి తీసిందంతా పక్కనపెట్టి ఇద్దరికీ పెళ్లి చేసి పంపేశారు. నాటకంలో అయితే చచ్చిపోయిన నటులు చివర్లో మళ్లీ వచ్చి దండం పెడతారు, సినిమాలో రారు, తేడా అక్కడే వచ్చిందని ఓజ్ తర్వాత చెప్పాడు.

నేనైతే జనాన్ని తప్పుపట్టను. కార్మన్ సినిమాలో ఎవరినీ మనం అంతగా ప్రేమించం, అంత టైమే ఇవ్వడు, కాబట్టి ఎవరు పోయినా నవ్వేస్తాం. రీమేక్‌లో ఆడ్రీగా చేసిన ఎలెన్ గ్రీన్ మాత్రం చిన్న ఇల్లు, చిన్న తోట ఉంటే చాలని పాడాక ఆమెని మొక్క నోట్లో చూడ్డం ఎవరివల్ల అవుతుంది? అయినా సరే, ఓజ్ ముందు తీసిన ఎండింగ్‌తోనే 2012లో బయటికొచ్చిన డైరెక్టర్స్ కట్ చూశాక ఆ పెళ్లి ఎండింగ్‌కి మళ్లీ వెళ్లాలనిపించలేదు నాకు, ఇద్దరు చచ్చిపోతున్నా కళ్లు మూసుకున్నవాడు హాయిగా కాపురం పెట్టుకోవడం నాకసలు మింగుడుపడలేదు.