చెట్టు కొట్టేస్తే కట్టకు ముప్పు తప్పినట్టేనా?

చెరువు కట్టపై చెట్లు ఉండవచ్చా, కూడదా అన్న వాదన ఎప్పుడూ పచ్చగా నిలబడి ఉన్న చెట్టు చుట్టూనే తిరుగుతుంది. నన్ను ఎక్కువగా భయపెట్టేది మాత్రం కొట్టేసి, మొదలు వదిలేసిన చెట్టు.

వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయన్న మాట కొండవాలుకూ ఏటి ఒడ్డుకూ వర్తిస్తుంది. కట్ట సంగతి వేరు. దానికి ఒక పక్క నిలిచిన నీరు రాత్రింబవళ్లు రెండో పక్కకు దారి వెతుకుతూనే ఉంటుంది. కొంత నీరు కట్టలోంచి ఊరడం సహజమే. మట్టి రేణువు కదలనంత నెమ్మదిగా ఊరినంత కాలం ఇబ్బంది లేదు. చెట్టు చచ్చాక కొన్నేళ్లకు లావు వేళ్లు కుళ్లి, వాటి చోట గొట్టాల్లాంటి ఖాళీలు మిగులుతాయి. ఖాళీ ఎంత పొడవుంటే, నీరు గట్టి మట్టిలో ప్రయాణించవలసిన దూరం అంత తగ్గుతుంది. వేగం పెరిగిన ఊట వెలుపలి వైపు మట్టిని కొంచెం కొంచెంగా మోసుకుపోతుంది. అలా పడిన బుంగ నీటి వైపుకు పెరుగుతూ చివరికి గండి అవుతుంది.

మట్టి ఆనకట్టల వైఫల్యాల్లో దాదాపు సగానికి ఇలాంటి లోపలి కోతే కారణం. 1976 జూన్ 5న అమెరికాలో టీటన్ ఆనకట్ట కూలడానికి చెట్లతో సంబంధం లేదు గానీ, బుంగ ఎంత వేగంగా పెరుగుతుందో అక్కడ తెలిసింది. ఉదయం కనిపించిన ఊట మధ్యాహ్నం కాకముందే కట్టను తెంచేసింది.

బతికున్న వేళ్లు కట్టను తొలుచుకుంటూ నీటిదాకా వెళతాయన్న భయం కొంత అతిశయమే. చాలా చెట్ల వేళ్లకు గాలి కావాలి, ఎప్పుడూ నీటితో నిండి ఉండే మట్టిలోకి అవి లోతుగా దిగవు. అలాగని పచ్చని చెట్టు నిరపాయం కాదు. పెనుగాలికి కూలితే వేళ్లతోపాటు కట్ట మట్టినీ పెకలించుకుపోతుంది. దాని నీడన గడ్డి చస్తుంది. వానకు కోసుకుపోకుండా పై మట్టిని కాపాడేది ఆ గడ్డే. అన్నిటికన్నా, పొదలు కమ్మిన వాలు మీద పగులూ ఊటా ఎలుక బొరియా కంటికి కనిపించవు.

అందుకే రంపం పట్టే ముందు ఆలోచించాలి. కాండం నాలుగు అంగుళాలలోపు ఉంటే నేలమట్టానికి నరికి, వేళ్లను అలాగే వదిలేయవచ్చు. అంతకు మించితే నీటిమట్టం తగ్గించి, మొదలునూ లావు వేళ్లనూ తీసి, గుంత అంచులను ఏటవాలుగా చెక్కి, కట్టకు వాడిన లాంటి మట్టినే పొరలు పొరలుగా దిమ్మిస చేయాలి. వెలుపలి వాలు అడుగున అయితే ఇంజినీరు లేకుండా గడ్డపార వేయనే కూడదు. ఊట బయటపడేది ఎక్కువగా అక్కడే. ఆ పనికి డబ్బు, మనుషులు సమకూరేదాకా పెద్ద చెట్టును బతకనిచ్చి, చుట్టూ పొదలు నరికి కనిపెట్టుకుని ఉండడమే మేలని నా అభిప్రాయం. తొందరపడి నరికితే ఆనాటి నుంచే వేళ్లు కుళ్లడం మొదలవుతుంది.

ఇంత ఖర్చూ తప్పే మార్గం ఒకటుంది: మొక్కలు వేలెడంత లావున్నప్పుడే ఏటా తీసేయడం. నీడ కావాలనుకునేవారు కట్ట పాదానికి కనీసం 25 అడుగులు వదిలి చెట్లు నాటుకోవచ్చు.