సోషల్ పీరియడ్‌లో సొంత అభిప్రాయం గారికి

మహారాజశ్రీ సొంత అభిప్రాయం గారి దివ్యసముఖానికి,

ఎనిమిదో తరగతి పిల్ల తల్లి నమస్కరించి రాసుకున్నది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు క్షేమంగా, పుష్టిగా ఉన్నారని మొన్న శనివారం పేరెంట్స్ మీటింగులో కళ్లారా చూసి సంతోషించాను.

ఆఫీసులో హాఫ్ డే లీవు పెట్టి నేనొచ్చింది సోషల్ ప్రాజెక్టులో మా పిల్లకి మార్కులెందుకు తగ్గాయో కనుక్కుందామని. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పక్కావిడ చంటిపిల్లాణ్ణి కాసేపు ఎత్తుకుని, గోడ మీద ర్యాంకర్ల ఫొటోల కింద పేర్లన్నీ చదివేశాక నా వంతొచ్చింది. సార్ ఫైలు తిరగేసి, "పిల్ల చురుకైందే మేడమ్, కాస్త నోరు తగ్గించుకుంటే బాగుపడుతుంది" అన్నారు. మార్కుల సంగతి అంతటితో సరి. అక్కడి నుంచి తమరందుకున్నారు. రాష్ట్రం అప్పులు, దేశం పరువు, ఈసారి ఎవరొస్తారు, ఎవరొస్తే మనం బాగుపడతాం, వచ్చినవాళ్లు ఎందుకు నిలవరు, ఈ జనం ఎందుకు మారరు. నా వెనక నిలబడ్డ తండ్రులు వాచీలు చూసుకుంటున్నారు. ఒకాయన అయితే ఫోను చెవికి పెట్టుకుని, అవతల ఎవరూ లేకపోయినా "ఆఁ, వస్తున్నా" అంటూ మెట్లు దిగిపోయాడు. అంత తెలివి నాకు రాలేదు. బయటికొచ్చేసరికి సాయంత్రమైంది. ప్రాజెక్టు మార్కులు ఎందుకు తగ్గాయో మాత్రం తమరి ప్రసంగంలో ఎక్కడా రాలేదు.

తమరు లేని బడి లేదు. సర్కారు బడిలో ఉన్నారు, కార్పొరేట్ బడిలో ఉన్నారు, ట్యూషన్‌లో ఉన్నారు. పాఠం సగంలో ఉండగా "ఇది ఇంటికెళ్లి చదువుకోండి, అసలు సంగతి నేను చెప్తా" అని సార్ పుస్తకం మూసిన చప్పుడు వినగానే తమరు ప్రవేశిస్తారు. గ్రహణం ఎలా పడుతుందో బోర్డు మీద చక్కగా బొమ్మ గీసి, చెరిపేస్తూ చెరిపేస్తూ "అయినా ఆ టైములో అన్నం తినకండర్రా" అనే సైన్సు సార్ గొంతులో ఉన్నది తమరే. ఆడపిల్లలు అంత గట్టిగా నవ్వకూడదన్న హిందీ మిస్ సూత్రం ఏ సిలబస్సులో ఉందో తమరికే తెలియాలి. కొత్తగా చేరిన పిల్లాణ్ణి ఊరూ పేరూ అయ్యాక "ఇంటిపేరేంటి నాన్నా?" అని ఆప్యాయంగా అడిగేదీ తమరే. జవాబు విన్నాక ఆ ఆప్యాయత పెరిగిందో తగ్గిందో పిల్లలు ఇట్టే కనిపెట్టేస్తారు, వాళ్లకి తెలియదనుకోకండి.

వీటన్నిటికీ ఒక దణ్ణం. మా కాలంలోనూ ఉన్నాయి, బతికి బట్టకట్టాం. నాకు మింగుడుపడనిది ఒక్కటే: చేతులెత్తించడం.

ఆ రోజు పాఠం రాజ్యాంగం. సంక్షేమ రాజ్యం అన్న మాట దగ్గర సార్ పుస్తకం మూశారట. "సంక్షేమం పేరు చెప్పి జనాన్ని సోమరిపోతుల్ని చేశారు. కష్టపడకుండా తినడం మరిగారు. మీలో ఎవరింట్లో తల్లికి వందనం డబ్బులు పడ్డాయో చేతులెత్తండి, చూద్దాం."

మూడో బెంచీలో కూర్చునే మా పిల్ల స్నేహితురాలు చెయ్యి భుజం దాకా ఎత్తింది. అటూ ఇటూ చూసింది. ఆ చేత్తోనే జడ రిబ్బను సర్దుకున్నట్టు చేసి దించేసింది. తర్వాత పీరియడంతా ఆ రిబ్బను సర్దుకుంటూనే ఉందని మా పిల్ల చెప్పింది. వాళ్లమ్మది బస్టాండు దగ్గర ఇడ్లీ బండి. భర్త పోయాక ఆ బండి మీదే ఇల్లు నడుస్తోంది. తెల్లవారుజామున మూడింటికి లేచి పొయ్యి వెలిగించే మనిషి. ఆవిడ సోమరిపోతు! ఫ్యాను కింద నిలబడి ఆ మాటన్నాయన కష్టజీవి!

సరే, లెక్కల్లోకి వద్దాం. బడికెళ్లే పిల్లల తల్లులకి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏటా డబ్బు వేసే ఆ పథకం 2020 జనవరిలో అమ్మ ఒడి పేరుతో 15,000 రూపాయలతో మొదలైంది. ప్రభుత్వం మారాక 2025 జూన్‌లో తల్లికి వందనం అయింది. ఇప్పుడు అందులో 2,000 బడుల నిర్వహణకని పట్టుకుని 13,000 తల్లి ఖాతాలో వేస్తున్నారు. సర్కారు బడి పిల్లలకే కాదు, ప్రైవేటు బడి పిల్లలకీ ఇస్తున్నారు. ఆ డబ్బు ఆ ఇడ్లీ బండి తల్లి ఖాతాలో ఎంతసేపుందో తెలుసా? స్కూలు నుంచి "ఫీజు బకాయి" మెసేజి వచ్చేదాకా. అక్కడి నుంచి స్కూలు ఖాతాకి పోయింది. అక్కడి నుంచి, ఒకటో తారీఖున కాకపోయినా పదో తారీఖుకైనా, సార్ జీతంలోకి పోయింది. ఉచితాలు తిని ఎవరు బద్ధకిస్తున్నారో ఆ బ్యాంకు స్టేట్‌మెంటు చూస్తే తెలిసిపోతుంది.

మా ఖాతాలోనూ పడ్డాయి. మా పిల్ల చెయ్యి నిటారుగా ఎత్తింది, దానికి సిగ్గు లేదు, నా పోలిక. ఎత్తి ఊరుకోక, "సార్, ఆ డబ్బులతోనే కదా ఫీజు కట్టేది, అయితే అవి మన స్కూలుకే వచ్చినట్టు కదా?" అని అడిగింది. "ఓహో, లాయరమ్మ గారు! కూర్చో" అన్నారు సార్. క్లాసంతా నవ్వింది. తర్వాతి వారం ప్రాజెక్టు మార్కులొచ్చాయి. ఈ రెండిటికీ సంబంధం ఉందని నేననను. సార్ కూడా అనలేదు, నోరు తగ్గించుకోమన్నారు, అంతే.

ఇక తమరు, దివ్యసముఖం నావల్ల కాదు. నువ్వనే అంటాను.

నీకు చెప్పుకోడానికి చోటు లేదా? టీ కొట్టుంది. వాట్సాప్ గ్రూపులున్నాయి. యూనియన్ ఆఫీసుంది. పెళ్లి భోజనాల్లో పంక్తి ఉంది. కానీ అక్కడ ఎవడో ఒకడు "ఊరుకోవయ్యా, నువ్వు చెప్పేదాంట్లో పసలేదు" అంటాడు. క్లాసులో అనేవాడు లేడు. నలభై మంది పిల్లలు, బెల్లు కొట్టేదాకా లేచి వెళ్లడానికి లేదు, పొద్దున్నే ప్రార్థనలో గురువుల్ని గౌరవిస్తామని ప్రతిజ్ఞ చేసి మరీ వచ్చి కూర్చున్నారు, మార్కుల పుస్తకం నీ బల్ల మీద ఉంది. ఎదురు చెప్పలేని వాళ్లని ఏరుకుని వాళ్లకి చెప్పడాన్ని "ఉన్నదున్నట్టు మాట్లాడటం" అంటావా? శనివారం నేనేం చేశానో చూశావుగా. నలభై దాటిన దాన్ని, ఇంట్లో ఆయనతో, ఆఫీసులో మేనేజరుతో సమానంగా వాదించేదాన్ని, ఆ కుర్చీలో కూర్చుని నీ ప్రతి మాటకీ తలూపాను. ఇంకా ఏడాది మిగిలుంది మరి, మళ్లీ ప్రాజెక్టులున్నాయి. పదమూడేళ్ల పిల్ల రిబ్బను సర్దుకోక ఇంకేం చేస్తుంది?

చట్టం గురించి కూడా రెండు ముక్కలు. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లో ఎనిమిదో తరగతి దాకా చదువు ఎలా ఉండాలో రాశారు. పిల్లకి భయం, ఆందోళన పోవాలట, తన అభిప్రాయం స్వేచ్ఛగా చెప్పేందుకు సాయపడాలట. పిల్ల అభిప్రాయం! నీ పేరు ఆ సెక్షన్‌లో లేదు, కావాలంటే చూసుకో. అదే చట్టంలో 27వ సెక్షన్ టీచర్లకి చదువుకి సంబంధం లేని పనులు పెట్టొద్దంటూనే జనగణన, విపత్తు సాయం, ఎన్నికల పని మాత్రం మినహాయించింది. సర్కారు టీచరు ఏ పార్టీ జెండా పట్టకూడదని 1964 నాటి ప్రవర్తనా నియమావళి చెప్తుంది. మరోపక్క శాసనమండలిలో పన్నెండో వంతు సీట్లు టీచర్ల ఓట్లతోనే నిండాలని రాజ్యాంగం చెప్తుంది. ఆంధ్రాలో 5, తెలంగాణలో 3. ఆ ఎన్నికలొస్తే పార్టీలు స్టాఫ్ రూముల చుట్టూ ఎలా తిరుగుతాయో చూశాం. పోలింగ్ బూత్ నడిపేది టీచరు, ఓటేసేది టీచరు, ఓటు అడిగించుకునేదీ టీచరు. అలాంటి మనిషికి రాజకీయం అంటకూడదని నేనెందుకు కోరతాను? అంటింది, బాగానే అంటింది. పిల్లలకి పూయకుండా చేతులు కడుక్కుని రమ్మంటున్నాను.

జర్మనీ వాళ్లు 1976లో బాయ్‌టెల్స్‌బాఖ్ అనే ఊళ్లో కూర్చుని దీని మీద ఒక మాట అనుకున్నారు. పిల్లల మీద అభిప్రాయం రుద్దకూడదు, బయట వాదన నడుస్తున్న విషయం క్లాసులోనూ వాదనగానే కనపడాలి. అందులో ముఖ్యమైనవి ఈ రెండూ. వాళ్లకి ఆ భయం ఎందుకొచ్చిందో ఆ దేశం చరిత్ర చదివిన సోషల్ సార్‌కి వేరే చెప్పాలా?

"మరి వీరేశలింగం గారో?" అంటావు. అంటావని తెలుసు, ఆయన్ని అడ్డం పెట్టుకోని రోజు లేదు నీకు. నిజమే, 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వితంతు వివాహం చేయించిన మనిషి బడిపంతులే. ఆయన దగ్గర చదువుకున్న కుర్రాళ్లే ఆయన వెంట నిలబడ్డారు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పంతులే, సవర గిరిజనులకి వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పట్టుబట్టాడు. అయితే వీరేశలింగం పంతులు తన అభిప్రాయానికి తనే ఖరీదు కట్టాడు. వెలి వేస్తే భరించాడు. ఊరు ఊరంతా తిడుతున్న మాటని ఆయన క్లాసులోకి తెచ్చాడు. నువ్వు రాత్రి టీవీ డిబేట్‌లో చూసిన మాటని పొద్దున్నే తెస్తున్నావు. దాని ఖరీదు కట్టింది మూడో బెంచీ పిల్ల.

నిన్ను నేను ఇష్టపడ్డ రోజులూ ఉన్నాయి, అబద్ధమెందుకు. మా జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మాస్టారి దగ్గర ఉండేదానివి. 1995 జనవరిలో రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. దానికి ముందు దూబగుంట కథ నడిచింది. నెల్లూరు జిల్లాలో ఆ ఊరి ఆడవాళ్లు అక్షరాస్యత తరగతులకెళ్లి, వాచకంలో సారా మీద పాఠం చదివి, వాళ్లలో వాళ్లే మాట్లాడుకుని ఊళ్లో సారా అంగడి మూయించారు. అక్కడ అంటుకున్నది రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం దాకా వచ్చింది. మాస్టారు ఇదంతా చెప్పి, "నిషేధం మంచిదని నా అభిప్రాయం" అన్నారు. దాచలేదు. ఆ తర్వాత సుద్దముక్క బల్ల మీద పెట్టి, "కాదనేవాళ్లు లేవండి" అన్నారు. ఎవరం లేవలేదు. ఆయన కూర్చోలేదు, పాఠంలోకీ వెళ్లలేదు, అలాగే నిలబడ్డారు. చివరికి వెనక బెంచీలోంచి ఒకడు లేచాడు. "మా నాన్న బ్రాందీ షాపులో గుమాస్తా మాస్టారూ. షాపు మూసేశారు. మా నాన్నేం చెయ్యాలి?"

ఎవరూ నవ్వలేదు. మాస్టారు కండువాతో చేతులు తుడుచుకుని, "దానికి నా దగ్గర జవాబు లేదురా" అన్నారు. మర్నాడు క్లాసుకి రాగానే అటెండెన్సు కూడా తీసుకోకుండా, "రాత్రి చాలాసేపు ఆలోచించాను, ఇంకా దొరకలేదు. మీకెవరికైనా తట్టిందా?" అని అడిగారు. నిషేధం మంచిదన్న తన మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. 1997లో నిషేధం ఎత్తేసినప్పుడు మేం పదో తరగతి. అప్పుడూ ఆయన తిట్టారు, మేమూ ఎదురు మాట్లాడాం, ఎవరి మార్కులూ తగ్గలేదు. ఆ గుమాస్తా కొడుకు తెలుగులో క్లాస్ ఫస్టు.

ఆ మాస్టారి దగ్గర అంత బుద్ధిగా ఉన్నదానివి, ఇక్కడికొచ్చి ఇలా ఎందుకు తయారయ్యావు? ఫీజులెక్కువుండే బడి గాలి తగిలిందా?

నిన్ను బడి నుంచి తరిమేయమని నేను హెడ్‌మాస్టరుకి అర్జీ పెట్టడం లేదు. పెడితే ఏమవుతుందో తెలుసు. సార్ మర్నాటి నుంచి నోరు మూసుకుని పాఠాన్ని అక్షరం వదలకుండా నోట్సు చెప్పిస్తారు, పిల్లలు గైడు చూసి రాస్తారు, రాజ్యాంగం రెండు మార్కుల ప్రశ్న అయిపోతుంది. అదీ నాకొద్దు. ఉచితాల మీద సార్‌కున్న అభిప్రాయం తప్పని కూడా నేను అనడం లేదు. అప్పు పెరుగుతోందని ఆయన అంటే వినాల్సిందే. కానీ సోమరిపోతులని అనేముందు ఒక్కసారి మూడో బెంచీ వైపు చూడమను. మా పిల్ల అడిగినదానికి జవాబు చెప్పమను. తెలియకపోతే తెలియదనమను. జీతం తగ్గదు.

ఇక చేతులెత్తించాలన్న సరదా తీరకపోతే, రేపు స్టాఫ్ రూములోనే మొదలుపెట్టు. గ్యాస్ సబ్సిడీ ఎవరికొస్తోంది, ఎవరింట్లో పెద్దవాళ్లకి ఆరోగ్యశ్రీలో ఆపరేషనైంది, 2025 ఆగస్టు 15 నుంచి ఏ మేడమ్‌లు టికెట్టు డబ్బు ఇవ్వకుండా బస్సెక్కి డ్యూటీకొస్తున్నారు, అందరినీ ఎత్తమను. నెమ్మదిగా ఎత్తమను, తొందరేం లేదు. అందరి చేతులూ లేచాక లంచ్ బెల్లయ్యేదాకా దించొద్దని చెప్పు.

ఇట్లు,
ఎనిమిదో తరగతి లాయరమ్మ గారి తల్లి