ఆ మెసేజ్ నమ్మి యూపీఎస్ పీకకండి

"ర్యామ్ స్లాట్‌లో సెకండ్ హ్యాండ్ ఆప్టేన్ మాడ్యూల్ పెట్టండి. ఏ కంప్యూటర్‌కైనా సరిపోద్ది. ర్యామ్ అంత స్పీడు. కరెంటు పోయినా అక్షరం పోదు. యూపీఎస్, బ్యాకప్ దండగ. సూపర్ కంప్యూటర్లలో వాడేది ఇదే." నెల్లూరు ట్రంకు రోడ్డు కొట్లవాళ్ల గ్రూపుల నుంచి చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల గ్రూపుల దాకా ఇదే తిరుగుతోంది. ఇంక చాలు, ఆపండన్నా.

ఆప్టేన్ అంటే కరెంటు పోయినా డేటా నిలిచేలా ఇంటెల్ తయారుచేసిన మెమరీ. అది అన్ని కంప్యూటర్లకూ సరిపోదు. డీడీఆర్4 స్లాట్‌లో దిగుతుంది, అంతవరకే. మొదట వచ్చిన 100 సిరీస్ మాడ్యూల్‌కి ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్, అదీ రెండో తరం జియాన్ స్కేలబుల్ కావాలి, అందులోనూ అన్ని మోడళ్లూ పనికిరావు. కంప్యూటర్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్ బయాస్ ఒప్పుకోవాలి, పక్కన మామూలు ర్యామ్ ఉండి తీరాలి. స్పీడా? ర్యామ్ 100 నానోసెకన్లలోపు ఇచ్చేదానికి ఇది సుమారు 300 తీసుకుంటుంది.

కొంప ముంచేది "అక్షరం పోదు" అన్న మాట. మాడ్యూల్‌ని ఉత్త ర్యామ్‌లా వాడే మెమరీ మోడ్‌లో ఉంటే కరెంటుతోపాటే అంతా పోయినట్టు. డేటా రహస్య లిపిలో (ఎన్‌క్రిప్ట్ అయి) లోపలే ఉన్నా దాన్ని విప్పే కీ ఉండదు. ప్రోగ్రామే నేరుగా మాడ్యూల్‌లో రాసుకునే యాప్ డైరెక్ట్ మోడ్‌లో నిలుస్తుంది, అదీ ప్రాసెసర్ దాటి మెమరీ వైపు చేరినది మాత్రమే. ప్రోగ్రామ్ రాసింది ముందు ప్రాసెసర్ లోపలి చిన్న తాత్కాలిక మెమరీ అయిన క్యాష్‌లో ఉంటుంది, రాసిన వరసలోనే బయటికి వస్తుందన్న హామీ లేదు. బిల్లు రాసి, బిల్లుల సంఖ్యని 41 నుంచి 42 చేశారనుకోండి. సంఖ్య చేరి, బిల్లు చేరకముందే కరెంటు పోయింది. మళ్లీ ఆన్ చేస్తే 42వ బిల్లు ఉన్నట్టే కనబడుతుంది, తెరిస్తే చెత్త. మామూలు ర్యామ్‌లో ఆ చెత్త చెరిగిపోయి, డిస్కులో ఉన్న పాత లెక్కతో మొదలయ్యేది. ఇక్కడ తప్పు కూడా నిలిచిపోతుంది.

అందుకే ముందు బిల్లు రాసి, సీఎల్‌డబ్ల్యూబీ అనే ప్రాసెసర్ ఆదేశంతో దాన్ని క్యాష్ నుంచి బయటికి తోసి, అది పూర్తయ్యేదాకా ఆపే ఎస్‌ఫెన్స్ ఆదేశం దగ్గర ఆగి, ఆ తర్వాతే సంఖ్య మార్చాలి. దానికీ మళ్లీ అదే చేయాలి. ఆ సంఖ్య 8 బైట్లు దాటితే సగం పాతది, సగం కొత్తది మిగలొచ్చు. మీ కొట్లోని లెక్కల సాఫ్ట్‌వేర్ ఇవన్నీ చేస్తుందా? ర్యామ్‌లోది ఎలాగూ పోతుందన్న నమ్మకంతోనే దాన్ని రాశారు!

బ్యాకప్ దండగన్న మహానుభావుడికి: పొరపాటున డిలీట్ చేసిన ఫైలు కరెంటు ఉన్నా పోతుంది నాయనా.

సూపర్ కంప్యూటర్ల మాట మాత్రం నిజం, ఒప్పుకుంటున్నాను. అమెరికాలోని ఆరోరా సూపర్ కంప్యూటర్‌లో డేయాస్ అనే స్టోరేజ్ సాఫ్ట్‌వేర్ మెటాడేటాని (ఏ డేటా ఎక్కడుందో చెప్పే వివరాల్ని), చిన్న రాతల్ని ఆప్టేన్‌లో పెట్టి, పెద్దవాటిని ఎస్‌ఎస్‌డీలకు పంపుతుంది. దాన్ని ఈ మెమరీ కోసమే రాశారు. ఇంటెల్ 2022లో ఆప్టేన్ వ్యాపారం మూసేస్తున్నట్టు ప్రకటించింది కాబట్టి పాతవి చవకే. తగిన జియాన్ సర్వర్ ఉన్న కాలేజీ ల్యాబ్ వాటిని మెమరీ మోడ్‌లో వేసుకుంటే, ఎక్కువగా చదివే పనులకు పెద్ద డేటా ఇముడుతుంది. ఆ కొనుగోలు మంచిదే.

కొనేముందు ఈ మాడ్యూళ్ల కోసం ఉన్న ఐపీఎంసీటీఎల్ అనే ప్రోగ్రామ్‌లో సెన్సర్ వివరాలు తెరిచి, ఆయుష్షు ఎంత శాతం మిగిలిందో చూడండి. అక్కడే డర్టీ షట్‌డౌన్ కౌంట్ కూడా ఉంటుంది. షట్‌డౌన్ సవ్యంగా పూర్తికాని సార్లను మాడ్యూల్ తనే అందులో లెక్కపెట్టుకుంటుంది. దాన్ని చూశాక యూపీఎస్ సంగతి మాట్లాడండి.